బరంపురము: ఎల్ల కావలి తెలుగు

మన ఊరగు ధర్మసాగరపు చెరువుగట్టున నివసించు మనవారికి సముద్రమును, రాష్ట్రపు సరిహద్దును రెండును దూరములే; కాని ఇచ్ఛాపురము దాటి ఒడిశాలో ప్రవేశించిన కొలదిసేపటికే ఎదురగు బరంపురమునకు ఆ రెండును ఇరుగుపొరుగులు. గోపాలపురపు తీరము అచటికి సుమారు 16 కిలోమీటర్లు.

మద్రాసు రాజధానిలో గంజాము మండలమునకు చెందియుండిన ఈ పట్టణము, 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగ నేర్పడినపుడు, అందు చేరిపోయినది. భాషను ప్రమాణముగ గైకొని గీచిన ఆ రేఖ, ఒక్క వీథిలోనే రెండు భాషలు వినవచ్చు ఊరిని ఎట్లు విడదీయగలదు? 1894లో ఇచటి తెలుగు కుటుంబమున జన్మించి, ఖల్లికోట కళాశాలలో చదివి, 1969లో రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరిని ఏ పక్షమున లెక్కింతుము?

ఈ సహజీవనమును చూడగోరువారు రెండేండ్ల కొకమారు చైత్రమాసప్రాంతమున జరుగు బుఢీ ఠాకురాణి జాతరకు పోవలెను. ఒడియా జనులెల్లరు కొలుచు ఆ గ్రామదేవతకు పుట్టిల్లు తెలుగు సాలెవారి వాడ! దేవాంగులగు ఈ నేతగాండ్రను అచట 'డేరా'లందురు. మహురి ప్రభువుల ఆహ్వానముపై వీరి పూర్వులు రాజమహేంద్రవర ప్రాంతమునుండి వచ్చిరని ప్రతీతి. వీరి కులపెద్దయగు దేశిబెహరా దేవికి తండ్రిస్థానమున నిలిచి, ఆలయమునుండి ఆడపడుచును పుట్టినింటికి తోడ్కొనివచ్చును. ఆమె వాడలో విడిదిచేసియున్నన్నాళ్లు, మ్రొక్కుబడి గల జనులు నానావిధ వేషములు ధరించి తిరుగుదురు. అందు పులివేషము మన పల్లెలకును పరిచితమే గదా.

ఆ మగ్గములనుండి వెలువడు బరంపురపు పట్టు, గుడిగోపురమును తలపించు అంచుతో ప్రసిద్ధి వహించి, 2012లో భౌగోళిక గుర్తింపును పొందినది. నేతయందు తెలుగువాడును, కట్టుటయందు ఒడియా గృహిణియు కలిసిన ఆ వస్త్రమును ఎవరి సొత్తనవలెనో నాకు తోపదు.

తీరమున కథ వేఱు. గోపాలపురమునుండి ఒకప్పుడు ఓడలెక్కి, గంజాము పల్లెల కూలీలు, తెలుగువారును ఒడియావారును, రంగూనుకు వలసపోయెడివారు. రెండవ ప్రపంచయుద్ధము ఆ మార్గమును మూసివైచినది. కడలిని వీడనివారు మాత్రము తెలుగు పల్లెకారులు. ఒడియావారు వీరిని నోలియాలందురు. వీరు తీరమువెంబడి ఉత్తరముగ సాగి పూరీవఱకు వ్యాపించిరి. జగన్నాథక్షేత్రమున సముద్రస్నానమునకు దిగు యాత్రికులను చేయిపట్టి అలల దాటించువారిలో పెక్కురు ఆ సంతతివారే.