రాబందు లేని ఊరు

చరక సంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయం ఆహార ద్రవ్యాలను వివరిస్తుంది. అందులో మృగాలను, పక్షులను ఎనిమిది వర్గాలుగా విభజించారు. ఆ విభజనకు ఆధారం రంగు, ఆకారం కావు; నివాసం, తినే తీరు. నేలను గీకి ఆహారం ఏరుకునే కోడి, తిత్తిరి పక్షి విష్కిరాలు. ముక్కుతో పొడిచి తినే చిలుక, పావురం ప్రతుదాలు. బలవంతంగా లాగి తినేవి ప్రసహాలు. రాబందును వీటిలో చేర్చారు. గురుకులంలో మాచేత ఈ శ్లోకాలు వల్లె వేయించిన ఆచార్యులు, ప్రాణి పేరు చెప్పి, అది ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది అని అడిగేవారు. నేటి ఆవరణ శాస్త్రం మొదట అడిగేవీ ఆ రెండు ప్రశ్నలే.

ఒక చెరువులోని బొచ్చె చేపలన్నీ కలిసి ఒక జనాభా. ఆ చేపలు, కప్పలు, కొంగలు, నాచు కలిస్తే సముదాయం. నీరు, మట్టి, గాలి, ఎండ కూడా చేరితే అది ఆవరణ వ్యవస్థ. 1935లో ఆ పేరు పెట్టినవాడు ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ. ఎండతో ఆహారాన్ని తయారుచేసే మొక్కలు ఉత్పత్తిదారులు. వాటిని మేసేవి, మేసినవాటిని తినేవి వినియోగదారులు. ఒక మెట్టు నుండి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదో వంతే. అందుకే జింకలున్నన్ని పులులు ఉండవు. చచ్చినదానిని తిరిగి మట్టిలో కలిపేవి శిలీంద్రాలు, సూక్ష్మజీవులు.

వాటికంటె ముందే కళేబరం మీద వాలేది రాబందు. దాని జఠరాగ్ని ఎంత తీవ్రమైనదంటే, కుళ్లిన మాంసంలోని అనేక రోగక్రిములు అక్కడే నశిస్తాయి. చూపుకు అసహ్యమైనా, ఊరి ఆరోగ్యానికి అది చేసిన సేవ ఇంతింత కాదు.

1990ల నుండి ఈ పక్షి మన దేశంలో మాయమవసాగింది. తెల్లవీపు రాబందులు 1992 నుండి 2007 లోపల నూటికి 99కి పైగా తగ్గిపోయాయి. కారణం 2004లో తెలిసింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందు కడుపులో చేరి మూత్రపిండాలను పాడుచేస్తోంది. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నపు పూతలా పేరుకొని పక్షి మరణిస్తుంది. వాతరక్తంలో మన కీళ్లలో చేరేదీ ఆ ఆమ్లమే. ఇంత నాశనానికి నూరు కళేబరాల్లో ఒకదానికన్నా తక్కువలో ఆ మందు ఉన్నా చాలునని లెక్కకట్టారు.

తరువాత జరిగింది వైద్యులందరూ తెలుసుకోదగినది. తినేవాడు లేక కళేబరాలు కుళ్లాయి, నీరు చెడింది, ఊరకుక్కలు పెరిగాయి. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధనలో, 2000 నుండి 2005 వరకు ఈ కారణంగా సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించి ఉంటారని అంచనా వేశారు. విమానస్థానంలోని జనపదోద్ధ్వంస అధ్యాయం గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు వేర్వేరు ప్రకృతులవారు సైతం ఒక్కసారే రోగాల పాలవుతారంటుంది. ఇక్కడ నీటిని, నేలను చెడగొట్టడానికి ఒక సూదిమందు సరిపోయింది.

మూలికావైద్యం ఎవరికీ కీడు చేయదని మురిసిపోయే మా వైద్యులకూ ఒక మాట. బంక కోసం గాట్లు పెట్టి పెట్టి గుగ్గులు చెట్టును అంతరించే దశకు తెచ్చినది మన ఔషధ వ్యాపారమే.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారే ఎసిక్లోఫెనాక్‌ను, దానితోపాటు కీటోప్రొఫెన్‌ను 2023లో నిషేధించారు. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాబందుల సంతానాన్ని పెంచే ప్రయత్నం సాగింది. కాని జంట పెట్టేది ఏడాదికి ఒకే గుడ్డు.

ఆవును, గేదెను పెంచే గృహస్థులు ఇంట్లోవారి మోకాళ్ల నొప్పికి తెచ్చిన మాత్రగాని, సూదిమందుగాని పశువుకు ఇవ్వరాదు. పశువైద్యుని మెలాక్సికాం కోసం అడగండి. అది రాబందుకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. నిషిద్ధమైన మందు పొరపాటున పడిన పశువు చనిపోతే, కళేబరాన్ని ఊరి బయట పారవేయక లోతుగా గోయి తీసి పూడ్చిపెట్టాలి.