వలసరాజ్యమునకు తొలి మెట్టు

నేడు మన మనుమలు గణకయంత్రముల ముందు కూర్చుండి, నక్షత్రలోకములను ఆక్రమించి సామ్రాజ్యములు కట్టు ఆటలాడుచున్నారు. అందు ప్రతి క్రొత్త స్థావరము మొదట కోశమునే తినును. కావున తొలినాళ్ళలోనే పదిచోట్ల చేయివేసినవాడు చిక్కుపడును. పోషణ గల చోటొకటి చూచుకొని వేరూనినవాడు పిమ్మట విస్తరించును. ఈ నీతి మన నరసాపురమునకు క్రొత్త కాదు.

డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. ఆంగ్లేయులు 1611లో అచ్చటనే దిగిరి. పిమ్మట వారి చూపు వసిష్ఠాతీరముపై బడెను. ఏల? ఎగువ అడవుల కలప గోదావరిపై తేలివచ్చును. ఓడలు కట్టు వడ్రంగులు నరసాపురమున నుండిరి. నేతగాండ్రు చుట్టుపట్ల నుండిరి. ఓడను కట్టుటకును, సరకు నింపుటకును ఒక్కచోటనే వసతి! డచ్చివారు పాలకొల్లునను, ఆంగ్లేయులు మాధవాయిపాలెమునను గిడ్డంగులు కట్టిరి. ఆ పాలెము పేరే ‘మడపొల్లం’ అని ఒక నూలుబట్టకు సీమలో నిలిచినది.

మొదట వారు కోరినది రాజ్యము కాదు. అనుమతిపత్రము, సుంకములో తగ్గింపు, గిడ్డంగికి చాలిన నేల. నేతగాండ్రకు ముందుగా సొమ్మిచ్చి, బట్ట ఇతరులకు పోకుండ కట్టివేసిరి. 1766లో నిజాముతో చేసికొన్న సంధివలన ఉత్తర సర్కారులు ఆంగ్లేయులకు దక్కెను. డచ్చివారి పాలకొల్లును 1825లో వారికే చెందెను.

కనుక పెద్దలారా, పరపాలన ఫిరంగితోనే వచ్చునని తలపరాదు. తొలుత బయానాతో వచ్చును. ఏటిగట్టున నేల నడుగువారు వచ్చినపుడు, ‘ఎంత నేల?’ అని మాత్రమే గాక, ‘ఈ నేలయే ఏల?’ అనియు నడుగుడు.