ప్యాషన్ ఫ్రూట్: కొనాలా, పెంచాలా?

అంగట్లో ప్యాషన్ ఫ్రూట్ కిలో లెక్కన కొంటే బరువులో దాదాపు సగం తొక్కే. ఎప్పుడో ఒకసారి పిల్లలకు రుచి చూపించాలంటే కొనుక్కోండి. వారం వారం జ్యూస్ తాగే ఇంట్లో అయితే ఒక తీగ పెట్టుకోవడమే మేలంటాం మేము.

కోలారు, హోసూరు పక్క చల్లదనానికి ఊదా రకం సరిపోతుంది. పసుపు రకం ఒక్క తీగే పెడితే సరిగా కాయదు, వేరే మొక్క పుప్పొడి కావాలి. ఈ రెండింటినీ కలిపి కొడగులోని చెట్టళ్లి పరిశోధన కేంద్రం ‘కావేరి’ రకం తెచ్చింది. కాకర పందిరి లాంటిదే చాలు. పండు దానంతటదే రాలాక ఏరుకోండి. తొక్క కాస్త ముడత పడితే ఇంకా తీపి.

అసలు మాట మందు గురించి. ఇంటి తీగే కదా అని పురుగుమందు కొడితే గాలికి మల్బరీ ఆకు మీద పడుతుంది. ఆ ఆకు మేసిన పురుగులు గూడు కట్టకుండానే పోవచ్చు. ఒక్క పంట పోతే ఆ డబ్బుతో ఎన్ని కిలోల పండ్లు వచ్చేవో లెక్కేసుకోండి. అందుకే తీగను తోటకు దూరంగా, ఇంటి కుళాయి దగ్గర పెట్టండి. షెడ్డు కిటికీల ఊజీ వల మీదికి పాకనివ్వొద్దు, లోపల గాలాడదు. మందు కొట్టక తప్పదనిపిస్తే తీగనే పీకేయండి. పండు అంగట్లో దొరుకుతుంది, పోయిన పంట దొరకదు.