పాత బండికి పెట్రోలు కారుతుంటే...

 వార్షికోత్సవ సంచికలో కవితలూ, చదువుల గురించిన వ్యాసాలూ ఎలాగూ ఉంటాయి. నేను మాత్రం మన ఇళ్ల ముందు నిలబడి ఉండే పాత బండి గురించి రాస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేనే. అయినా మైదుకూరు మార్కెట్టుకు పోవాలన్నా, రాత్రిపూట ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోవాలన్నా మా ఇంటికి ఆ బండే దిక్కు.

1994లో వచ్చిన స్ప్లెండర్ మొదలుకొని, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చేదాకా, మనం చూసే బండ్లలో ఎక్కువ భాగం కార్బురేటర్ బండ్లే. వీటిలో పెట్రోలు ట్యాంకు నుంచి కాక్, రబ్బరు పైపు మీదుగా కార్బురేటర్‌లోకి తన బరువుతో తానే దిగుతుంది. కాబట్టి లీకును కూడా పైనుంచి కిందికే వెతకాలి. తడి కింద కనిపించినా తప్పు పైన ఉండవచ్చు.

ముందు జాగ్రత్త ముఖ్యం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేలమీదే పాకుతుంది. అందువల్ల బండిని ఆరుబయట పెట్టి, ఇంజను చల్లారాకే చేయి పెట్టండి. దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు.

కాక్ మూసి అన్నీ పొడిగుడ్డతో తుడవండి. కింద పాత పేపరు పరిచి కాక్ తెరవండి. మొదటి తడి ఎక్కడ వస్తుందో చూడండి.

పైపు చివర తడిస్తే రబ్బరు గట్టిపడి పగిలిందన్నమాట. పెట్రోలు పైపే కొని, క్లిప్పులతో సహా మార్చండి. నీళ్ల పైపు, సెలైన్ పైపు పెట్టవద్దు, అవి పెట్రోలుకు తట్టుకోవు. కాక్ మూసినా చుక్కలు పడుతుంటే లోపలి వాషర్ అరిగినట్టు.

కార్బురేటర్ కింది సన్నని పైపు నుంచి కారితే దాన్ని ఓవర్‌ఫ్లో అంటారు. మన హాస్టల్ నీళ్ల ట్యాంకులో బంతి తేలి నీళ్లు ఆపుతుంది కదా, కార్బురేటర్‌లో ఫ్లోట్ చేసేదీ అదే. అది పైకి లేచి పిన్నుతో దారి మూస్తుంది. పిన్ను దగ్గర మట్టి చేరితే దారి మూసుకోదు. స్క్రూడ్రైవర్ పిడితో కింది గిన్నెను మెల్లగా తట్టి చూడండి. ఆగకపోతే కాక్ మూసి, గిన్నెలోని పెట్రోలును సీసాలోకి వదిలి, గిన్నె విప్పి శుభ్రం చేయాలి. పిన్ను మొన అరిగితే మార్చాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వచ్చిందంటే దానికి చిల్లు పడినట్టే. బిగించేటప్పుడు స్క్రూలపై బలం చూపవద్దు, మెత్తటి లోహం కనుక మరలు పోతాయి.

ట్యాంకుకు తుప్పు చిల్లు పడితే బట్టల సబ్బు రుద్దడం షెడ్డు దాకా చేరడానికి మాత్రమే. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉండి పేలుతుంది కాబట్టి, తెలిసిన పనివాడు కడిగి సిద్ధం చేయనిదే వెల్డింగు చేయించవద్దు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. కొన్ని పాత బండ్లకు రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అందుకని ఏడాదికొకసారైనా పైపును వంచి పగుళ్లు చూడండి.

రాత్రికి 100 మిల్లీలీటర్లు కారినా నెలకు 3 లీటర్లు పోతుంది. అంతకన్నా నష్టం ఇంకొకటుంది. పొంగిన పెట్రోలు ఇంజను ఆయిల్లో కలవవచ్చు. ఆయిల్ మట్టం పెరిగినా, పెట్రోలు వాసన కొట్టినా, ఆయిల్ మార్చకుండా బండి తీయవద్దు.

ఇంజెక్షన్ బండ్లలో పంపు ఒత్తిడి ఉంటుంది, వాటిని మెకానిక్‌కే వదిలేయండి. పాత బండికైతే ఇంటికి రాగానే కాక్ మూసే అలవాటు చేసుకోండి, ఇంట్లో అమ్మానాన్నలకూ చెప్పండి.