దొర దొరుకుతాడు... దుకాణదారే దొరకడు!

'మా ముత్తాతగారి తండ్రి జర్మనీవాడట, నెల్లూరు కోస్తాలో ఎక్కడో అంగడి పెట్టాడట!' ఇంట్లో పెద్దవాళ్లను ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఇంతకు మించి ఒక్క ముక్క రాలదు. ఊరి పేరుండదు, సంవత్సరముండదు. ఇంత సన్నటి ఆధారం పట్టుకుని నూటయాభై ఏళ్లు వెనక్కి వెళ్లడం సాధ్యమేనా? సాధ్యమే. కాకపోతే ముందుగా ఆ 'అట' మీద కొంచెం అనుమానం పెట్టుకోవాలి.

ఎందుకంటే ఈ తీరంలో స్థిరపడిన జర్మన్లలో ఎక్కువమంది వ్యాపారం కోసం రాలేదు, మతం కోసం వచ్చారు. ఆగస్ట్ మీలియస్ అనే లూథరన్ పాదిరీ అంతకుముందే తమిళదేశంలో పనిచేసి వెళ్లినవాడు. ఆయన హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున 1865లో మళ్లీ వచ్చి, పులికాట్ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేటలో దిగాడు. తర్వాత నాయుడుపేట, గూడూరు, వాకాడు, రాపూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, తిరుపతి దాకా ఈ మిషన్ కేంద్రాలు వెలిశాయి. నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లోని బాప్టిస్టులు అమెరికావాళ్లు. వాళ్ల కాగితాలు వేరు, అవి ఉన్న దేశమూ వేరు. తెల్లతోలు కనబడితే చాలు 'దొర' అనేసిన మన పెద్దలు ఈ తేడా పట్టించుకోలేదు. వెతికేవాడికి మాత్రం పట్టింపు తప్పదు.

దేశం పేరూ ఒక చిక్కే. మీలియస్ వచ్చిన నాటికి హెర్మన్స్‌బర్గ్ గ్రామం హానోవర్ రాజ్యంలో ఉంది. మరుసటి ఏడాదే ఆ రాజ్యాన్ని ప్రష్యా మింగేసింది. ఇప్పుడు మనం జర్మనీ అంటున్న దేశం ఏర్పడింది 1871లో. కాబట్టి పాత కాగితంలో 'జర్మన్' అనే మాట లేదని వదిలేయకూడదు. మన వైపు సరిహద్దులూ ఇంతే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. సూళ్లూరుపేట, నాయుడుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పాత రికార్డుల్లో మాత్రం వాటిని మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా కిందే వెతకాలి.

పాదిరీ అయితే పని సులువు. అతను ఉత్తరాలు రాశాడు, వాటిని మిషన్ తన పత్రికలో అచ్చేసుకుంది. 1854లో మొదలైన ఆ మాసపత్రిక పాత సంచికల్లో మన పల్లెల పేర్లు జర్మన్ అక్షరాల్లో కనిపిస్తాయి. మరి అంగడివాడో? అతను సరుకిచ్చినవాడికీ బాకీ ఉన్నవాడికీ తప్ప ఎవరికి రాస్తాడు! దుకాణదారు పేరు కాగితం మీద నిలిచేది అప్పు పడ్డప్పుడో, కోర్టుకెక్కినప్పుడో, చచ్చిపోయినప్పుడో.

చచ్చిపోయినప్పుడు దొరికేదే ఎక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీలో చనిపోయిన యూరోపియన్ల వీలునామాలు, ఆస్తి జాబితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. కుర్చీలు, గడియారాలు, అమ్ముడుపోని సరుకు అన్నీ వరసగా రాసిన జాబితాలవి. సమాధుల కోసమైతే జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో అచ్చువేయించిన సంకలనం ఉంది. ప్రెసిడెన్సీలోని సమాధుల మీది రాతల్ని జిల్లాలవారీగా ఎత్తి రాశాడాయన. రాయి అరిగిపోయినా పుస్తకంలో రాత మిగిలింది. బతికున్నవాళ్ల కోసం అసైలమ్ ప్రెస్ ఆల్మనాక్ తిరగేయాలి. ఏటా వచ్చిన ఈ డైరెక్టరీలో ఒక పేరు ఏ ఏడు చేరిందో, ఏ ఏడు మాయమైందో చూస్తే సగం కథ తేలుతుంది. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన వీలే, క్లీన్ లాంటి జర్మన్ల జాడ పట్టుకోవడం ఇందుకే తేలిక. మారుమూల పేటలో కొట్టు పెట్టినవాడికి ఆ భాగ్యం లేదు.

అలాంటివాణ్ని కూడా కాగితం మీదికి ఎక్కించింది మొదటి ప్రపంచ యుద్ధం. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. అదే ఏడు వచ్చిన విదేశీయుల ఆర్డినెన్స్‌తో జర్మన్లంతా నిఘా కిందికి వచ్చారు. పాదిరీ, ఫొటోగ్రాఫర్, గుమాస్తా అన్న తేడా లేదు. చాలామంది మగవాళ్లను అహ్మద్‌నగర్ శిబిరానికి తోలారు. శత్రువుల వ్యాపారాలను సర్కారు మూయించి అమ్మించింది. 1915, 1916 సంవత్సరాల్లో మిషనరీలను, ఆడవాళ్లను, పిల్లలను ఓడ ఎక్కించి వెనక్కి పంపేశారు. ఆ ఓడ పేరేమనుకున్నారు? గోల్కొండ! 1916 జూన్‌లో ఇంగ్లండ్ తీరంలో మైన్ తగిలి అది మునిగిపోయింది. అంతకుముందు దాంట్లో వెళ్లిన జర్మన్ల జాబితాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. నాటి బందీల కార్డులను అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది. దుకాణదారు జాడ కావలసినవాళ్లు మొదట తట్టాల్సిన తలుపు అదేనని నా అభిప్రాయం. సర్కారు అనుమానించినంత శ్రద్ధగా చుట్టాలు కూడా గుర్తుపెట్టుకోరు.

జర్మన్ దుకాణదారు చుట్టంగా ఉన్న కథ మనకు ఒకటి గుంటూరులో ఉంది. 1842 జులై 31న అక్కడ అడుగుపెట్టిన పాదిరీ 'ఫాదర్' హేయర్‌ని లూథరన్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో, 1793లో. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ని తల్లిదండ్రులు అమెరికా పంపింది మతబోధకని కాదు, ఫిలడెల్ఫియాలో బొచ్చు టోపీల వ్యాపారం చేసే మేనమామ దగ్గర పని నేర్చుకోమని! ఆ అంగడి లేకపోతే ఆ కుర్రాడు అట్లాంటిక్ దాటేవాడా?

ఇక జర్మనీ వైపు వెతకాలంటే దేశం పేరు చాలదు, ఊరి పేరు కావాలి. దేశమంతటికీ జనన మరణాల ప్రభుత్వ నమోదు వచ్చింది 1876లో. అంతకు ముందువన్నీ చర్చి పుస్తకాల్లోనే. వాటి పాత గొలుసుకట్టు రాతలో e, n అక్షరాలు కవల పిల్లల్లా ఉంటాయి. u అక్షరాన్ని పోల్చుకోవాలంటే నెత్తిన ఉన్న చిన్న వంపుగీతే గుర్తు. బాప్తిస్మపు వరుసలో బిడ్డ పేరు, తల్లిదండ్రులు, తండ్రి వృత్తి చూసి పుస్తకం మూసేయకండి. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లూ రాసుకోండి. వాళ్లలో మేనమామో పినతల్లో ఉంటారు. ఇంటిపేరు తప్పు రాసినచోట దారి చూపేది వాళ్లే.

చర్చి పుస్తకాలు తెల్లవాళ్ల వారసులకే పనికొస్తాయనుకుంటే పొరపాటు. పాదిరీలు ఇక్కడ బాప్తిస్మమిచ్చిన తెలుగువాళ్ల పేర్లూ నమోదు చేశారు. ఆ సంఘాల వారసత్వం ఇప్పుడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘానిది. సూళ్లూరుపేట, నాయుడుపేట లూథరన్ కుటుంబాలవాళ్లు తమ ముత్తాతల కోసం అడగాల్సింది మొదట తమ చర్చి పాస్టరుగారిని, తర్వాత హెర్మన్స్‌బర్గ్‌ని. అడిగేటప్పుడు ఇంటిపేరుతో పాటు ఆనాటి పల్లె పేరు, కులం, సుమారుగా ఏ దశాబ్దమో రాయడం మరిచిపోవద్దు.