ఆసరా కనబడని అర

గోడలోంచి పుట్టుకొచ్చినట్టు, కింద బ్రాకెట్ లేకుండా నిలబడే అరల్ని ఫ్లోటింగ్ షెల్ఫ్ అంటున్నారు. ఆసరా లేక కాదు, లోపల దాక్కుంది. గోడకు ఇనుప పట్టీ బిగిస్తారు, దాని కడ్డీలు అర లోపలికి దూరతాయి.

కొలతలిచ్చి చేయించేటప్పుడు అందరూ పొడవే చూస్తారు. చూడాల్సింది లోతు, అంటే అర గోడనుంచి ఎంత ముందుకొస్తుందో అది. 10 అంగుళాల అరమీద 20 కిలోల పుస్తకాలు పేర్చారనుకోండి. బరువు గోడకి 5 అంగుళాల దూరంలో పడ్డట్టు లెక్క. పట్టీ ఎత్తు అంగుళమే అయితే పై స్క్రూల్ని లాగే బలం దాదాపు 100 కిలోలు! 7 అంగుళాలకి తగ్గిస్తే 70. మన నవలలు ఎక్కువగా డెమ్మీ సైజే, అడ్డం అయిదున్నర అంగుళాలు. 7 చాలు. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.

స్తంభానికీ గోడకీ మధ్య సందు ఉంటే అదృష్టమే. మూడు వైపులా పట్టీ వేయించుకోవచ్చు, లాగుడు బాగా తగ్గుతుంది. కాకపోతే ఏ ఇంటి మూలా సరిగ్గా మూలమట్టానికి ఉండదు. వెనక, మధ్యలో, ముందు కొలిచి, అందులో తక్కువది ఆచారికి చెప్పండి.

గోడని తట్టి కూడా చూడండి. డొల్లగా మోగితే హాలో బ్లాకు కావచ్చు, ప్లాస్టరింగు వదులైనా కావచ్చు. మామూలు ప్లగ్గు అక్కడ పట్టదు. స్విచ్ బోర్డుకి నేరుగా పైన చిల్లు వద్దు, వైర్లు అటే పోతాయి. బెంగళూరులో అద్దిల్లయితే ఓనరమ్మని ముందే అడగాలి, అడ్వాన్సులో కోత పెట్టేది ఆవిడేగా!