ఒకే మాట: హిందీలో ‘నాజుక్’, తెలుగులో ‘నాజూకు’

ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న వ్యక్తి గురించి హిందీ వార్తల్లో తరచు వినిపించే మాట ‘హాలత్ నాజుక్’. ప్రాణాపాయం పొంచి ఉందని దాని అర్థం. దీన్నే తెలుగులో ‘ఆయన పరిస్థితి నాజూకుగా ఉంది’ అని చదివితే, మనిషికి కాస్త నలతగా ఉందనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ తెలుగు వార్త కోరేది ‘విషమం’. దూరపు ఊళ్లో రేడియో వింటున్న బంధువు వెంటనే బయలుదేరాలా, రేపటి దాకా ఆగవచ్చా అన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడవచ్చు.

నిజానికి రెండూ ఒక్క మాటే. పారసీకంలో ‘నాజ్’ అంటే గారాబం, వయ్యారం. దానికి చెందినదే ‘నాజుక్’. ఇరాన్‌లో నేటికీ సన్నని, పలుచని వస్తువులకు ఈ మాట వాడతారు. పారసీకం రాజభాషగా చెలామణి అయిన కాలంలో ఇది ఉర్దూ, హిందీ, మరాఠీ, బెంగాలీ, కన్నడ, తెలుగు భాషల్లోకి చేరింది. ఉర్దూ, హిందీల్లో సులువుగా పగిలే గాజుపాత్రతో మొదలై రోగి ప్రాణానికీ, దేశాల మధ్య సంబంధాలకూ విస్తరించింది. నేపాలీలోనూ, బంగ్లాదేశ్ పత్రికల్లోనూ ఇదే ధోరణి.

తెలుగు ఆ దారి పట్టలేదు. పగులుతుందన్న భయాన్ని వదిలేసి సొగసును మాత్రం ఉంచుకుంది. నాజూకు నడుము, నాజూకు వేళ్లు, నగ మీది నాజూకైన పనితనం. అక్కడి నుంచి నేర్పు అన్న అర్థం వచ్చింది: నాజూకుగా అప్పు అడగవచ్చు, నాజూకుగా తప్పించుకోనూవచ్చు. ‘ఆయన మహా నాజూకు మనిషి’ అన్నది మెచ్చుకోలో ఎత్తిపొడుపో గొంతును బట్టే తెలుస్తుంది. బియ్యం బస్తా దించాల్సిన వేళ అంటే మాత్రం సందేహం అక్కర్లేదు.

అందువల్ల హిందీలోని ఒక్క ‘నాజుక్’కు తెలుగులో పలు మాటలు కావాలి. రోగి స్థితి విషమం, గాజు పెళుసు, పువ్వు సుకుమారం, వ్యవహారం సున్నితం. వీటిలో చివరిదానికి ఇటీవల పని మరీ ఎక్కువైంది. రాళ్లు రువ్వుకుంటున్న వీధిలోనూ పరిస్థితి ‘సున్నితం’ అంటున్నారు. అది ‘ఉద్రిక్తం’. అక్కడ మెత్తని మాట వాడితే వార్త పలచబడుతుంది. ఆ వీధిన వెళ్లాల్సిన శ్రోతకు అందవలసిన హెచ్చరిక అందదు.